వేడి గురుగ్రహాల గాలిని చదవాలంటే: అనంతపురం నుంచి ఏ గ్రహం, ఏ డేటా, ఏ దారి?

అనంతపురంలో మా ఎం.ఎస్సీ ఫిజిక్స్ పిల్లలు చివరి సెమిస్టరు ప్రాజెక్టు ఎంచుకునేది డిసెంబరులో. "సార్, నాకు హెచ్‌డీ 189733 బి ఇయ్యండి. ట్రాన్సిట్ లోతు 2.4 శాతం ఉంది, నక్షత్రం గూడా బాగా వెలుగుతుంది" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. మన సౌరకుటుంబం బయట, తమ నక్షత్రానికి మరీ దగ్గరగా తిరుగుతూ కాగిపోయే గురుగ్రహంలాంటి పెద్ద గ్రహాలను వేడి గురుగ్రహాలంటాం, ఇది అట్లాంటిదే. గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటడమే ట్రాన్సిట్, అప్పుడు వెలుగు ఎంత తగ్గిందన్నదే దాని లోతు. అడగడంలో తప్పేం లేదు. మూడేళ్ల కిందట ఒక అమ్మాయికి నేనే ఆ గ్రహాన్ని చేతిలో పెట్టాను. ఆరు నెలల పనిలో నాలుగు నెలలు ఆ నక్షత్రం మీది మచ్చలతోనే గడిచిపోయాయి. ఆ అమ్మాయి ఓపిక చాలా గొప్పది, మంచి రిపోర్టే రాసింది. కానీ గ్రహం గాలి గురించి తను అడగాలనుకున్న ప్రశ్న అడగకముందే గడువు వచ్చేసింది. ఆ తప్పు ఎంచి ఇచ్చిన నాది.

అప్పటి నుంచి పిల్లలకు నోటితో చెప్తున్నదంతా ఒకచోట రాసి పెడుతున్నా. పెద్ద టెలిస్కోపు లేని ఊళ్లో ఉండి, ఒక ల్యాప్‌టాపు, మోస్తరు ఇంటర్నెట్టు, ఆరు నెలల సమయం మాత్రమే ఉన్నవాళ్లకు ఇది. కర్నూలులో ఉన్నా కడపలో ఉన్నా లెక్క ఒకటే.

పప్పు నీడ, పొర నీడ

ఒక చెనక్కాయ ఒలిచి పప్పును లైటుకు అడ్డం పెట్టండి. గోడ మీద నీడ పడుతుంది. ఆ నీడంతా దాదాపు పప్పుదే. పైనున్న పలచటి ఎర్ర పొర వల్ల నీడ ఎంత పెరిగిందో కంటికి తెలియదు. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు వెలుగు ఒకటి రెండు శాతం తగ్గుతుంది కదా, అది పప్పు నీడ. మనకు కావలసింది పొర నీడ.

పొరను పట్టుకునే ఉపాయం రంగుల్లో ఉంది. గ్రహం అంచున ఉన్న గాలిలోంచి నక్షత్రకాంతి జారి మన వైపు వస్తుంది. ఆ గాలిలో నీటి ఆవిరి ఉంటే 1.4 మైక్రాన్ల దగ్గర కాంతిని మింగేస్తుంది. కాబట్టి ఆ తరంగదైర్ఘ్యంలో చూస్తే గ్రహం కొంచెం లావుగా కనబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఉంటే 4.3 మైక్రాన్ల దగ్గర లావవుతుంది. ఏ రంగులో ఎంత లావుగా ఉందో కొలిచి గీసిన గీతనే ట్రాన్సిట్ వర్ణపటం అంటాం. ఇది సాధ్యమేనని సారా సీగర్, దిమితార్ సాసెలోవ్ 2000లో లెక్కగట్టి చెప్పారు. 2002లో డేవిడ్ షార్బోనో బృందం హబుల్‌తో హెచ్‌డీ 209458 బి గాలిలో సోడియం గుర్తు పట్టినట్టు ప్రకటించింది.

పిల్లలు ఎక్కువగా పొరబడేది ట్రాన్సిట్ లోతును చూసి. లోతు ఎక్కువైతే గాలి బాగా కనబడుతుందని అనుకుంటారు. అట్ల కాదు. పొర మందాన్ని నిర్ణయించేది స్కేల్ హైట్, అంటే పైకి పోయేకొద్దీ పీడనం సుమారు మూడో వంతుకు పడిపోయే ఎత్తు. ఉష్ణోగ్రత పెరిగితే అది పెరుగుతుంది, గురుత్వం ఎక్కువైతే తగ్గుతుంది, గాలి బరువైనదైతే ఇంకా తగ్గుతుంది. భూమికి ఇది దాదాపు 8.5 కిలోమీటర్లు. వేడి గురుగ్రహాల గాలి ఎక్కువగా హైడ్రోజన్, హీలియం కాబట్టి తేలిక. వేడి ఎట్లాగూ ఉంది. ఇక మిగిలింది గురుత్వం. గ్రహానికీ గ్రహానికీ అసలు తేడా అక్కడే వస్తుంది.

అచ్చులో ఉన్న ద్రవ్యరాశులు, వ్యాసార్థాలు, ఉష్ణోగ్రతలు తీసుకుని కాగితం మీద లెక్క వేయండి, అరగంట పని. నేను వేస్తే వచ్చిన ఉజ్జాయింపులు ఇవి. వాస్ప్-39 బి శనిగ్రహమంత బరువే ఉంటుంది కానీ గురుగ్రహం కన్నా లావుగా ఉబ్బి ఉంది. దాని స్కేల్ హైట్ 900 కిలోమీటర్లు దాటుతుంది. ఒక్క స్కేల్ హైట్ మందం పొర వల్ల నక్షత్రం వెలుగులో వచ్చే తేడా పది లక్షలకు 430 పాళ్ల దాకా ఉంటుంది. హెచ్‌డీ 209458 బి దగ్గర ఆ సంఖ్య 160 చుట్టుపక్కల. హెచ్‌డీ 189733 బి దగ్గర 110. వాస్ప్-43 బి దగ్గర 75. ఇక గురుగ్రహానికి పది రెట్లు బరువున్న వాస్ప్-18 బి దగ్గర పన్నెండో పదమూడో.

వాస్ప్-43 బి ట్రాన్సిట్ లోతు 2.5 శాతం, వాస్ప్-39 బి ది 2.1 శాతం. లోతు చూసి ఎంచుకున్నవాళ్లు మొదటిదే పట్టుకుంటారు. పొర చూసి ఎంచుకుంటే రెండోది ఐదారు రెట్లు మేలు. ఈ లెక్క వేయకుండా నా దగ్గరికి గ్రహం పేరుతో వచ్చినవాళ్లను ఇప్పుడు వెనక్కి పంపిస్తున్నాను, వేసుకుని రమ్మని.

నక్షత్రం బాగా వెలగడం లాభమా?

ఇక్కడ ఇంకో వైపు కూడా న్యాయంగా చెప్పాలి. హెచ్‌డీ 189733 దృశ్య ప్రకాశం 7.7, వాస్ప్-39 ప్రకాశం 12.1 (ఈ అంకె తక్కువైతే వెలుగు ఎక్కువ). అంటే మొదటి నక్షత్రం నుంచి మనకు 50 రెట్లకు పైగా కాంతి వస్తోంది. ఫోటాన్లు ఎక్కువైతే రొద తగ్గుతుంది కాబట్టి, పొర పలచనైనా ఆ లోటు కాంతితో తీరిపోవాలి. లెక్క ప్రకారం నిజమే.

కానీ రెండు చిక్కులున్నాయి. మొదటిది, వెబ్ అంతరిక్ష టెలిస్కోపు అద్దం వ్యాసం 6.5 మీటర్లు. అంత అద్దం ముందు మరీ వెలిగే నక్షత్రం పెడితే డిటెక్టరు నిండి పొర్లిపోతుంది. 12వ ప్రకాశం ఉన్న వాస్ప్-39కే, వెబ్‌లోని నియర్‌స్పెక్ అనే వర్ణమాపకం ప్రిజమ్ పద్ధతిలో సుమారు 0.6 నుంచి 2 మైక్రాన్ల మధ్య కొంత భాగం నిండిపోయింది. హెచ్‌డీ 189733ను ఆ పద్ధతిలో చూడనే చూడలేం, వేరే పద్ధతులు వాడాలి.

రెండో చిక్కు నా విద్యార్థినిని ఇబ్బంది పెట్టింది. హెచ్‌డీ 189733 మన సూర్యుడి కన్నా చిన్నది, చల్లనిది, బాగా చురుకైనది. ముఖం నిండా మచ్చలు. మచ్చలు చల్లగా ఉంటాయి కాబట్టి నీలి రంగులో మరీ నల్లగా కనబడతాయి. గ్రహం మచ్చలు లేని దారిలో దాటిందనుకోండి. నక్షత్రం సగటు వెలుగు కన్నా ఎక్కువ వెలిగే పట్టీని అది మూస్తోంది. దాంతో ట్రాన్సిట్ ఉండాల్సిన దానికన్నా లోతుగా కనబడుతుంది, నీలంలో ఇంకా లోతుగా. అదే సమయంలో, గ్రహం గాలిలో సన్నటి పొగమంచు ఉన్నా నీలంలోనే లోతు పెరుగుతుంది. ఫలితం ఒకటే, కారణాలు రెండు. ఈ గ్రహం మీద పొగమంచు ఉందని హబుల్ డేటా చూసి 2008లో చెప్పారు. నీలం వైపు లోతు పెరిగే ఆ వాలులో కొంతైనా మచ్చల పనే కావచ్చని 2014లో ఇంకో బృందం రాసింది. పెద్ద పెద్ద బృందాలు ఏళ్ల తరబడి వాదించుకున్న ముడిని ఆరు నెలల్లో విప్పమని ఒక పిల్లను కూర్చోబెట్టాను.

కాబట్టి తక్కువ రిజల్యూషన్‌లో (అంటే రంగులను మరీ సన్నగా విడదీయకుండా), అంతరిక్ష డేటాతో పని చేసేవాళ్లు ప్రశాంతమైన నక్షత్రం, ఉబ్బిన గ్రహం ఉన్న జంటను చూసుకోండి. వాస్ప్-39 అట్లాంటిది. బాగా వెలిగే నక్షత్రం అసలు లాభమిచ్చేది హై రిజల్యూషన్ పనిలో.

హబుల్ పాత డేటానా, వెబ్ కొత్త డేటానా

హబుల్ భూమి చుట్టూ గంటన్నరకు ఒకసారి తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ దాదాపు సగం సేపు చూడాల్సిన నక్షత్రానికి భూమి అడ్డొస్తుంది. అందుకే హబుల్ ట్రాన్సిట్ వక్రం మధ్యమధ్యలో తెగిపోయి ఉంటుంది. ప్రతి చుట్టు మొదట్లో డిటెక్టరు వెలుగును తక్కువగా చూపించి క్రమంగా సర్దుకుంటుంది, ఆ వంపును సరిదిద్దడమే ఒక పని. డబ్ల్యూఎఫ్‌సీ3 కెమెరా 1.1 నుంచి 1.7 మైక్రాన్ల దాకా చూస్తుంది. అక్కడ దొరికేది ముఖ్యంగా నీరు. నీరు ఒక్కటే తెలిస్తే కార్బన్ ఎంత, ఆక్సిజన్ ఎంత అని తేల్చలేం.

వెబ్ భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది, దానికి ఈ అడ్డు లేదు. ట్రాన్సిట్ ముందూ వెనకా కలిపి 8 గంటలు ఆపకుండా చూస్తుంది. 2022 జులైలో వాస్ప్-39 బి మీద చేసిన పరిశీలనలు, అందరికీ వెంటనే ఇచ్చేసే కార్యక్రమం కింద చేసినవి. ఆ ఆగస్టులోనే 4.3 మైక్రాన్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ గుట్ట స్పష్టంగా బయటపడింది. సౌరకుటుంబం బయటి గ్రహం గాలిలో ఆ వాయువు అంత తిరుగులేకుండా కనబడడం అదే మొదలు. 4.05 మైక్రాన్ల దగ్గర ఇంకో చిన్న గుట్ట కనబడితే అదేమిటో మొదట ఎవరికీ తోచలేదు. తర్వాత అది సల్ఫర్ డయాక్సైడ్ అని తేలింది. నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి నీటి అణువులను విరగ్గొడితే, ఆ ముక్కలు హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలబడి చివరికి సల్ఫర్ డయాక్సైడ్ తయారవుతుంది. ఎండ వల్ల గాలిలో జరిగే రసాయనం, 700 కాంతి సంవత్సరాల అవతల. ఈ వాక్యం తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఒకే గ్రహం మీద లోతుగా పని చేయాలంటే వెబ్ డేటాకే నా ఓటు. హబుల్‌ను తీసిపారేయను. పది గ్రహాల వర్ణపటాలను పక్కపక్కన పెట్టి ఏది మబ్బుగా ఉంది, ఏది తేటగా ఉంది అని చూడాలన్న ప్రశ్న మీకుంటే, హబుల్ ఇచ్చినంత ఏకరీతి డేటా బాగా పనికొస్తుంది. 2016లో డేవిడ్ సింగ్ బృందం పది వేడి గురుగ్రహాలను అట్లే పోల్చి, తేట గాలి నుంచి దట్టమైన మబ్బు దాకా ఒక వరుస చూపించింది. అచ్చయిన వర్ణపటాల పట్టికలు తీసుకుని పోలికలే చేయవచ్చు, ముడి డేటా జోలికి పోనక్కర్లేదు. ల్యాప్‌టాపు పాతదైనవాళ్లకు, ప్రోగ్రామింగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు ఈ దారి బాగుంటుంది.

వెబ్ డేటాలో మళ్లీ ఏ పరికరం? వాస్ప్-39 బి మీద నాలుగు పద్ధతుల డేటా ఉంది. ప్రిజమ్ ఒక్కటే 0.6 నుంచి 5.3 మైక్రాన్ల దాకా మొత్తం చూపిస్తుంది, రిజల్యూషన్ తక్కువ. నిండిపోయిన భాగాన్ని వదిలేసి, 2 మైక్రాన్ల తర్వాతి భాగంతో పని చేస్తే కార్బన్ డయాక్సైడ్ గుట్ట మొదటి నెలలోనే కళ్లబడుతుంది. జీ395హెచ్ పద్ధతిలో సుమారు 2.9 నుంచి 5.2 మైక్రాన్లు, రిజల్యూషన్ బాగా ఎక్కువ. అయితే రెండు డిటెక్టర్ల మధ్య 3.7, 3.8 మైక్రాన్ల దగ్గర చిన్న ఖాళీ ఉంటుంది. పైగా ఆ పరిశీలన నడిచేటప్పుడే అద్దంలో ఒక ముక్క కొద్దిగా ఒరిగింది, వక్రంలో చిన్న మెట్టు కనబడుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ప్రిజమ్ తీసుకోండి. ఇంతకుముందు డేటా సరిదిద్దిన అనుభవం ఉన్నవాళ్లకు జీ395హెచ్ మంచి పాఠం, ఆ మెట్టు సరిదిద్దితే చాలా నేర్చుకుంటారు.

ముడి ఫైళ్లు కొన్ని గిగాబైట్లుంటాయి. ఇంట్లో మొబైల్ డేటాతో దించుకోబోయి మధ్యలో తెగిపోయి ఏడ్చినవాళ్లున్నారు. కాలేజీ ల్యాబులో పొద్దున్నే దించుకోండి. ప్రాసెస్ చేసేటప్పుడు 16 జీబీ ర్యామ్ ఉంటే నెమ్మదిగానైనా నడుస్తుంది, 8 ఉంటే ముడి దశ వదిలేసి, హబుల్, వెబ్ డేటా దాచి ఉంచే మాస్ట్ భాండాగారంలో ఒక మెట్టు ముందుదాకా శుద్ధి చేసి పెట్టిన ఫైళ్ల నుంచి మొదలుపెట్టండి. ట్రాన్సిట్ వక్రానికి నమూనా గీయడానికి బ్యాట్‌మ్యాన్ అనే పైథాన్ ప్యాకేజీ, వెబ్ డేటా శుద్ధికి యురేకా, వర్ణపటం నమూనాకు పెటిట్‌రాడ్‌ట్రాన్స్ లేదా టౌరెక్స్. అన్నీ ఉచితమే.

సోడియం దీపం గుర్తుందా

న్యూటన్ రింగుల ప్రయోగానికి ల్యాబులో వెలిగించే పసుపు దీపం మీకందరికీ తెలుసు. 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌ల జంట గీతలు. ఆ రెండు గీతలను వేరుచేసి చూపించడానికి గ్రేటింగు పెట్టి కళ్లు చిట్లించుకున్న రోజులు కూడా గుర్తుండే ఉంటాయి. హై రిజల్యూషన్ దారిలో చేసేది అదే. భూమి మీది పెద్ద టెలిస్కోపుకు లక్షకు పైగా విభజన శక్తి ఉన్న వర్ణమాపకం తగిలించి, గీతలను ఒక్కొక్కటిగా విడదీస్తారు.

ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. మన భూమి గాలి గీతలు కదలవు. నక్షత్రం గీతలు దాదాపు కదలవు. గ్రహం మాత్రం సెకనుకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో తిరుగుతోంది కాబట్టి, ట్రాన్సిట్ జరిగే కాసేపట్లోనే దాని గీతలు డాప్లర్ వల్ల నీలం వైపు నుంచి ఎర్ర వైపు జరిగిపోతాయి. కదలనివన్నీ తీసేస్తే మిగిలేది గ్రహం. 2010లో ఇగ్నాస్ స్నెల్లెన్ బృందం హెచ్‌డీ 209458 బి లో కార్బన్ మోనాక్సైడ్‌ను ఇట్లే పట్టుకుంది. గీతలు కొద్దిగా నీలం వైపు జరిగి ఉండడం చూసి అక్కడ గాలి వీస్తోందని కూడా చెప్పింది. 2020లో వాస్ప్-76 బి మీద ఎస్ప్రెస్సో పరికరంతో ఇనుప ఆవిరి గీతలు చూశారు. అవి సాయంత్రపు అంచున కనబడుతున్నాయి, తెల్లవారే అంచున లేవు. రాత్రి వైపు పోయి ఇనుము ఘనీభవించి వానగా కురుస్తుందేమో అని వాదించారు. కెల్ట్-9 బి పగటి వైపు 4,000 డిగ్రీలు దాటి మండుతుంది, అక్కడ ఇనుము, టైటానియం పరమాణువులు విడివిడిగానే తేలుతున్నాయి.

హెచ్‌డీ 189733 బి వాడాల్సింది ఇక్కడే. యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ భాండాగారంలో హార్ప్స్ పరికరం డేటా అందరికీ తెరిచే ఉంది. 2015లో ఆ పాత డేటా నుంచే సోడియం జంట గీతలను గ్రహం గాలిలో విడదీసి చూపించారు. కంప్యూటరుకు పెద్ద బరువు లేదు, గణితం మాత్రం బరువే.

జాగ్రత్త ఒకటి. గ్రహం ఒక వైపు నుంచి ఇంకో వైపు దాటేటప్పుడు తిరుగుతున్న నక్షత్రపు వేర్వేరు భాగాలను మూస్తుంది. దాని వల్ల నక్షత్రం గీతల ఆకారమే మారి, గ్రహం గాలిలా కనబడుతుంది. మొట్టమొదట సోడియం ప్రకటించిన హెచ్‌డీ 209458 బి నే 2020లో హై రిజల్యూషన్‌తో మళ్లీ చూసి, కనబడిన సోడియం గుర్తు చాలావరకు ఈ నక్షత్ర ప్రభావంతోనే వివరించవచ్చని వాదించారు. వాస్ప్-31 బి లో హబుల్ చూపిన పొటాషియం కూడా తర్వాత భూమి మీది వీఎల్‌టీ అనే పెద్ద టెలిస్కోపు పరిశీలనల్లో కనబడలేదు. ఈ దారి పట్టేవాళ్లు నక్షత్రం చేసే ఈ పనిని ముందే నమూనాలో పెట్టుకోవాలి. పీహెచ్‌డీకి పోవాలని గట్టిగా అనుకున్నవాళ్లకు ఇది నేను సిఫారసు చేసే దారి. ఆరు నెలల్లో డిగ్రీ చేతికి రావాలి, తర్వాత ఉద్యోగం చూసుకోవాలి అన్నవాళ్లకు వద్దంటాను.

గ్రహం వెనక్కి పోయినప్పుడు

వాస్ప్-43 బి, వాస్ప్-18 బి ట్రాన్సిట్ వర్ణపటానికి పనికిరావని చెప్పాను. అవి వేరే పనికి బంగారం. గ్రహం నక్షత్రం వెనక్కి పోయినప్పుడు (దీన్నే ఇక్కడ గ్రహణం అంటున్నా) మొత్తం వెలుగులోంచి గ్రహం సొంత వేడి వెలుగు మాయమవుతుంది. ఆ తేడాను కొలిస్తే పగటి వైపు ఎంత వేడిగా ఉందో, అక్కడ ఏ వాయువులున్నాయో తెలుస్తుంది. ఇక్కడ పొర మందంతో పని లేదు, వేడితో పని. వాస్ప్-18 బి పగటి వైపు సుమారు 2,700 డిగ్రీలు, అక్కడి నీటి ఆవిరిని వెబ్ 2023లో ఇట్లే చూసింది. వాస్ప్-43 బి ఒక చుట్టు మొత్తాన్ని వెబ్ మిరి పరికరంతో ఆపకుండా చూసి, పగలు సుమారు 1,250 డిగ్రీలు, రాత్రి 600 అని 2024లో చెప్పారు. రాత్రి వైపు మబ్బులు కమ్మి ఉన్నాయని వాళ్ల అంచనా. ఉష్ణోగ్రతలు, గాలివేగాలు, వాతావరణం అంటే ఆసక్తి ఉన్నవాళ్లు గ్రహణం దారికి రండి. ఏ అణువులున్నాయి, ఎంత ఉన్నాయి అన్న ఆసక్తి ఉన్నవాళ్లు ట్రాన్సిట్ దారిలోనే ఉండండి.

మబ్బుల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. వాస్ప్-17 బి మబ్బుల్లో క్వార్ట్జ్ నలుసులున్నట్టు 2023లో వెబ్ డేటా చూపింది. గండికోట లోయ గోడల్లో మనం చూసే క్వార్ట్జైట్‌లోని ఖనిజమే. రాళ్లంటే ఇష్టమున్న జియాలజీ పిల్లలు కడప నుంచి ఎవరైనా ఈ గ్రహం పట్టుకుంటే నాకు చాలా సంతోషం.

మిద్దె మీద టెలిస్కోపు ఉంటే

ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, చల్లబరిచే సీమాస్ కెమెరా ఉన్న కుర్రాళ్లు ఇప్పుడు మన జిల్లాల్లోనూ ఉన్నారు. "మిద్దె మీద నుంచి గాలి చూడొచ్చా సార్?" అంటే చూడలేమనే చెప్తాను. పది లక్షలకు వంద పాళ్ల తేడా మన ధూళిలో, ఆ అద్దంతో దొరకదు. దొరికేది పప్పు నీడ, దాని సమయం. కానీ ఆ సమయానికి విలువ ఉంది. యూరప్ వాళ్లు తయారుచేస్తున్న ఏరియల్ అంతరిక్ష టెలిస్కోపు సుమారు వెయ్యి గ్రహాల గాలిని చూడబోతోంది. ఏ గ్రహం ఎప్పుడు దాటుతుందో నిమిషాల తేడా లేకుండా తెలియాలి. ఎక్సోక్లాక్ అనే కార్యక్రమం దానికోసం ఔత్సాహికుల కొలతలు తీసుకుంటోంది.

ఏ గ్రహం? ఇక్కడ క్యాలెండరు చూడాలి. హెచ్‌డీ 189733 రాత్రిపూట నడినెత్తికి వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకా. అనంతపురానికి వాన తక్కువే కానీ మబ్బు తక్కువ కాదు, ఉన్న వానలో ఎక్కువ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. వాస్ప్-43 అయితే ఫిబ్రవరి, మార్చిలో రాత్రంతా పైనే ఉంటుంది, ఆకాశం తేటగా ఉండే నెలలు. మన అక్షాంశంలో 65 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. గ్రహం 19.5 గంటలకు ఒకసారి చుట్టేస్తుంది కాబట్టి నెలలో ఏడెనిమిది రాత్రులైనా ట్రాన్సిట్ దొరుకుతుంది. దాటడానికి పట్టేది 70 నిమిషాలే; ముందు ఒక గంట, వెనక ఒక గంట కలుపుకుంటే అర్ధరాత్రికి కిందికి దిగి నిద్రపోవచ్చు. నక్షత్రం 12.4 ప్రకాశం, లోతు 2.5 శాతం. వెబ్ వర్ణపటానికి వద్దన్న గ్రహమే మిద్దె మీదికి సరిగ్గా సరిపోతుంది.

పెద్ద టెలిస్కోపు కావాలంటే మన దేశంలోనే దార్లున్నాయి. తమిళనాడు కావలూరులో వేణు బాప్పు అబ్జర్వేటరీ 2.34 మీటర్ల టెలిస్కోపు, లదాఖ్ హాన్లేలో 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, ఉత్తరాఖండ్ దేవస్థల్‌లో 3.6 మీటర్లది. హాన్లే టెలిస్కోపును బెంగళూరు పక్కన హోసకోట నుంచే నడుపుతారు. అయితే ప్రతిపాదన రాసి సమయం దక్కించుకోవాలి. చివరి సెమిస్టరు గడువులో అది కుదరదు. ఇప్పుడు పాత డేటాతో పని నేర్చుకోండి, ఆ పనిని చూపించి తర్వాత అడగండి.

నన్ను అడిగితే

ఏ ప్రత్యేక పట్టూ లేకుండా "మీరే చెప్పండి సార్" అనేవాళ్లకు వాస్ప్-39 బి, ప్రిజమ్ డేటా, ట్రాన్సిట్ వర్ణపటం. ఫలితాలు అచ్చయ్యే ఉన్నాయి కదా, మళ్లీ చేస్తే కొత్తేముంది అని కొందరు పెదవి విరుస్తారు. ప్రయోగశాలలో జి విలువ మనకన్నా ముందు ఎంతోమంది కనుక్కున్నారు, అయినా మనం లోలకం ఊపాం. అచ్చయిన జవాబు పక్కన ఉండడమే ఇక్కడ మీకు రక్ష. మీ గుట్ట వాళ్ల గుట్టకు సరిపోకపోతే ఎక్కడ తప్పు చేశారో వెతుక్కోవచ్చు. మొదటి ప్రాజెక్టుకు ఎవరూ చూడని గ్రహం పట్టుకుంటే ఆ ఆధారం ఉండదు.

ఇక మొదటి రెండు వారాల పని. మొత్తం రంగులన్నీ కలిపి ఒకే వెలుగు వక్రం గీయండి. లోతు 2.1 శాతం చుట్టూ రావాలి, దాటే సమయం 2.8 గంటలు రావాలి. రాకపోతే ముందుకు పోవద్దు. వచ్చాక 4.2 నుంచి 4.5 మైక్రాన్ల ముక్క ఒకటి, 3.8 నుంచి 4.0 ముక్క ఒకటి విడిగా తీసి రెండు వక్రాలు గీయండి. మొదటిది లోతుగా ఉండాలి. ఆ తేడా కార్బన్ డయాక్సైడ్. అదే డేటాను మీ స్నేహితుడు ఇంకో ప్రోగ్రాముతో, మీ ఫలితం చూడకుండా, విడిగా చేయాలి. ఇద్దరి అంకెలూ దోషపు అంచుల్లో కలిస్తే ఆ రెండు బొమ్మలు ప్రింటు తీసుకుని డిపార్టుమెంటుకు రండి. మబ్బులు, లోహాల పాళ్లు, సల్ఫర్ అప్పుడు మొదలుపెడదాం.